నమ్మకానికీ నడవడికకూ మధ్య వెలి భయం

1856లో బ్రిటిష్ ప్రభుత్వం హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసింది. తెలుగునాట అలాంటి పెళ్లి ఒక బ్రాహ్మణ ఇంట్లో నలుగురికీ తెలిసేలా జరగడానికి మరో 25 ఏళ్లు పట్టింది. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గౌరమ్మకూ గోగులపాటి శ్రీరాములుకూ పెళ్లి జరిపించారు. అప్పటికి చట్టం అండ ఉంది. పరాశర స్మృతిని చూపించి శాస్త్రం కూడా ఒప్పుకుంటుందని బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఎప్పుడో వాదించి ఉన్నారు. ఊహ తెలియని వయసులో పెళ్లై, ఊహ తెలిసేలోపే భర్త పోయిన పిల్ల బతికినంతకాలం తల గొరిగించుకుని మూల గదిలో మగ్గిపోవడం అన్యాయమని లోలోపల బాధపడే తల్లిదండ్రులూ ఉన్నారు. చట్టం, శాస్త్రం, కన్నవాళ్ల మనసు మూడూ ఒకవైపే ఉన్నా పాతికేళ్లు ఎందుకు ఆలస్యమైంది?

ఈ నిషేధం అందరిదీ కాదని ముందే చెప్పుకోవాలి. శ్రమచేసి బతికే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. భర్త పోయిన ఆడమనిషి ఇంకొకరితో కాపురం పెట్టుకోవడం అక్కడ వింత కాదు. నిషేధం గట్టిగా ఉన్నది బ్రాహ్మణుల్లోనూ, వాళ్లను చూసి ఆ ఆచారాన్ని గొప్పగా భావించిన కులాల్లోనూ. అంటే అది మతం మొత్తానికి చెందిన నమ్మకం కంటే, ‘మనవాళ్లు’ ఎవరో తేల్చే గుర్తుగా ఎక్కువ పనిచేసింది. దాన్ని కాపాడిన ఆయుధం వెలి.

వెలి వేస్తే ఎవరూ కొట్టరు, జైల్లో పెట్టరు. పురోహితుడు రాడు. వంటవాడు మానేస్తాడు. నీళ్లు తెచ్చేవాళ్లు రారు. బావి దగ్గరికి రానివ్వరు. ఇంట్లో ఎవరైనా పోతే మోసేందుకు నలుగురు దొరకరు. అన్నిటికంటే మించి, పిల్లకు సంబంధం కుదరదు. శిక్ష తప్పు చేసినవాడితో ఆగదు. అతని చెల్లెలికీ, తమ్ముడి కొడుక్కీ, అతనితో కలిసి భోంచేసిన స్నేహితుడికీ పాకుతుంది. అందుకే మనిషి తనకోసం కాకపోయినా తనవాళ్లకోసం తలవంచుతాడు. వీరేశలింగం జరిపించిన ఆ పెళ్లికి హాజరైనవాళ్లనూ, అక్కడ భోంచేసినవాళ్లనూ వెలివేశారు. అంతకుముందు సంస్కరణ సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని తిరిగి కులంలో కలిశారు. వాళ్ల అభిప్రాయం ఒక్క రాత్రిలో మారిపోయి ఉంటుందని అనుకోలేం. వాళ్లను పిరికివాళ్లని కొట్టిపారేయడం కూడా తేలికే. కానీ ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉన్న తండ్రికి అప్పట్లో ఆ ప్రాయశ్చిత్తం ఎంత అవసరంగా కనిపించి ఉంటుందో ఆలోచించకపోతే, సమాజం ఎలా నడుస్తుందో అర్థం కాదు.

వ్యక్తిగత నమ్మకాల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఒక క్రమం ఊహించుకుంటాం. మనిషి ఆలోచిస్తాడు, ఒక నమ్మకానికి వస్తాడు, ఆ నమ్మకం ఉన్నవాళ్లతో చేరతాడు అని. నిజ జీవితంలో ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. పుట్టుకతోనో, పెంపకంతోనో, స్నేహంతోనో ముందే ఒక గుంపులో ఉంటాం. ఆ గుంపులో ఉండటానికి ఏది నమ్మాలో తర్వాత నేర్చుకుంటాం. నమ్మకం మారాలంటే వాదన ఒక్కటే చాలకపోవడానికి కారణం ఇదే. వాదన బుర్రను ఒప్పించగలదు. రేపు ఎవరింట్లో భోంచేయాలో, ఎవరితో వియ్యమందాలో అది చెప్పదు.

గుంపు మీద అభిమానం ఎంత సులువుగా పుడుతుందో హెన్రీ తాజ్‌ఫెల్ అనే సామాజిక మనస్తత్వవేత్త చూపించాడు. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. యూదుడినని ఒప్పుకున్నా, పోలండ్ వాడినన్న సంగతి మాత్రం దాచాడు. ఆ ఒక్క విషయం బయటపడితే బతికేవాడు కాదు. యుద్ధం ముగిసేసరికి ఆయన కుటుంబంలో చాలామంది మిగల్లేదు. మనిషి ఏ గుంపువాడన్నది ప్రాణాలను నిర్ణయించడం కళ్లారా చూసినవాడు కాబట్టే, ఆ గీత ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలన్న తపన ఆయన్ను జీవితమంతా నడిపించింది.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల కుర్రాళ్లకు ఆయన తెరమీద క్షణకాలం చుక్కలు చూపించి, ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నాడు. తర్వాత ‘నువ్వు ఎక్కువగా అంచనా వేసేవాళ్లలో ఒకడివి’, ‘నువ్వు తక్కువగా అంచనా వేసేవాళ్లలో ఒకడివి’ అని చెప్పి విడదీశాడు. నిజానికి ఆ విభజన ఇష్టం వచ్చినట్టు చేసినదే. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మిగతావాళ్లలో ఇద్దరిద్దరికి కొద్దిపాటి డబ్బు పంచమన్నాడు. ఆ ఇద్దరి పేర్లు తెలియవు, ఏ గుంపువాళ్లో మాత్రమే తెలుస్తుంది. పంచేవాడికి తన వాటాగా పైసా రాదు. అయినా చాలామంది తమ గుంపువాడివైపు మొగ్గారు. ఇష్టమైన చిత్రకారుడి పేరుతో కుర్రాళ్లను విడదీసిన తర్వాతి ప్రయోగంలో అంతకంటే ఆందోళన కలిగించే సంగతి మరొకటి బయటపడింది. తమవాడికి ఎక్కువ డబ్బు వచ్చే అవకాశం వదులుకుని మరీ, అవతలివాడికీ తమవాడికీ మధ్య తేడా పెరిగే పంపకాన్ని ఎంచుకోవడం వాళ్లలో కనిపించింది. తమవాళ్లు బాగుండటం కంటే అవతలివాళ్లకంటే పైన ఉండటం ముఖ్యమైపోయింది. 1970లో వెలువడిన ఈ ఫలితాలు చుక్కల గురించీ, బొమ్మల గురించీ. వాటి వెనక చరిత్ర లేదు, పాత పగలు లేవు, పూర్వీకుల కథలు లేవు. అవన్నీ కలిసిన చోట ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దీన్ని బట్టి మనుషులు ఎక్కడున్నా కొట్టుకుచస్తారని తేల్చేయడం తొందరపాటు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షరీఫ్ బృందం 22 మంది అబ్బాయిలను వేసవి శిబిరంలో రెండు జట్లుగా విడదీసి, పోటీలు పెట్టి, వాళ్ల మధ్య కక్ష పెరగడాన్ని నమోదు చేసింది. పాఠ్యపుస్తకాలన్నీ దీన్ని చెబుతాయి. అంతకు ముందు ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో అదే బృందం పెట్టిన శిబిరం గురించి మాత్రం తక్కువగా చెబుతారు. అక్కడ పిల్లలు ముందే ఒకరికొకరు పరిచయమై స్నేహితులయ్యారు. తర్వాత విడదీసి ఎంత రెచ్చగొట్టినా కొట్లాడలేదు. పెద్దలే ఎగదోస్తున్నారని కొందరు కనిపెట్టేశారు కూడా. ఆ ప్రయోగం మధ్యలోనే ఆగిపోయింది. ఈ రెండో కథలో మంచి పాఠం ఉంది. గీత గీయకముందే కుదిరిన స్నేహం తర్వాత గీసిన గీతను తట్టుకోగలదు. ఊళ్లో ఒకే బెంచీ మీద చదువుకున్న పిల్లలు పెద్దయ్యాక కూడా కొన్ని కట్టుబాట్లను మొహమాటం లేకుండా దాటేయడం వెనక ఉన్నది ఇదే కావచ్చు. వేరువేరు వాడలు, వేరువేరు హాస్టళ్లు, వేరువేరు కల్యాణమండపాలు ఆ అవకాశాన్ని ముందే కత్తిరించేస్తాయి.

చదువు పెరిగితే ఇదంతా పోతుందన్న ఆశ తరతరాలుగా ఉంది. ఆ ఆశను పూర్తిగా వదులుకోనక్కర్లేదు గానీ, కొంచెం సవరించుకోక తప్పదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం 2013లో ఒక అధ్యయనం వెల్లడించింది. కొన్ని అంకెలున్న పట్టిక ఇచ్చి దాన్నుంచి ఏం తేలుతుందో చెప్పమన్నారు. కొందరికి ఆ అంకెలు చర్మానికి రాసుకునే క్రీము గురించినవని చెప్పారు. మరికొందరికి అవే అంకెలు తుపాకుల నియంత్రణ చట్టం గురించినవని చెప్పారు. క్రీము విషయంలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు సరైన జవాబు చెప్పారు. తుపాకుల విషయానికి వచ్చేసరికి వాళ్లే తమ రాజకీయ పక్షానికి అనుకూలంగా ఉన్న జవాబును ఎక్కువగా పట్టుకున్నారు. లెక్కలు రానివాళ్లకంటే వచ్చినవాళ్లలోనే రెండు పక్షాల మధ్య దూరం ఎక్కువైంది. తెలివి ఉన్నవాడు ఆ తెలివిని నిజం వెతకడానికే వాడతాడన్న హామీ లేదు. తనవాళ్ల వాదాన్ని నిలబెట్టే లాయరుగా కూడా ఆ తెలివి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. విదేశాల్లో పెద్ద చదువులు చదివి, పెద్ద ఉద్యోగాలు చేస్తూ, కులం పేరుతో వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లను చూసి ‘ఇంత చదివీ ఇదేంటి’ అని ఆశ్చర్యపోతుంటాం. చదువు వాళ్లకు కొత్త నైపుణ్యం ఇచ్చింది, కొత్త చుట్టరికం ఇవ్వలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. గుంపు ఏమనుకుంటుందో మనం సరిగ్గా ఊహించగలమా? చాలాసార్లు ఊహించలేం. సౌదీ అరేబియాలోని రియాద్‌లో కొందరు ఆర్థికవేత్తలు పెళ్లైన యువకులను భార్యలు బయట ఉద్యోగం చేయడం గురించి అడిగారు. పదిమందిలో ఎనిమిది మందికి పైగా అందుకు తమకు అభ్యంతరం లేదన్నారు. మిగతావాళ్లు ఏమనుకుంటారని అడిగితే మాత్రం, అసలు సంఖ్యకంటే బాగా తక్కువమందే ఒప్పుకుంటారని చాలామంది అంచనా వేశారు. పక్కన కూర్చున్నవాడూ అలాగే అనుకుంటున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. అసలు లెక్క వాళ్లకు చెప్పాక, తమ భార్యల పేర్లను ఉద్యోగాలు కుదిర్చే సేవలో నమోదు చేసేందుకు ముందుకొచ్చినవాళ్ల సంఖ్య పెరిగింది. వాళ్ల మనసు మార్చే ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. ఉన్నమాట బయటకు చెప్పారు, అంతే.

‘మాకేం పట్టింపు లేదండీ, చుట్టాలేమంటారో అనే’ అన్న మాట తెలుగు ఇళ్లలో వినని రోజుండదు. కట్నం దగ్గర, పెళ్లి ఖర్చు దగ్గర, మైల పాటించడం దగ్గర, కులాంతర వివాహం దగ్గర ఇదే మాట. ఆ చుట్టాలను కదిపితే వాళ్లూ ఇదే మాట అంటారు. ఎవరికీ ఇష్టం లేని ఆచారాన్ని అందరూ కలిసి మోస్తుంటారు. ప్రతివాడూ పక్కవాడిని కాపలాదారు అనుకుంటాడు. ఇలాంటిచోట మొదట నోరు విప్పే మనిషి విలువ చాలా ఎక్కువ. అతను ఎవరినీ ఒప్పించకపోయినా సరే, మౌనంగా ఉన్నవాళ్లకు తాము ఒంటరివాళ్లం కాదని తెలుస్తుంది.

వీరేశలింగం జీవితంలో అసలు పాఠం కూడా ఈ దిశలోనే ఉంది. ఆయన పత్రికల్లో రాసింది, సభల్లో వాదించింది అందరికీ తెలుసు. 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని ఆ వాదనకు వేదిక. పెళ్లి మాత్రం వాదనతో జరగలేదు, ఏర్పాట్లతో జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చారు. శిష్యులు పెళ్లికూతుర్ని క్షేమంగా తీసుకొచ్చారు, ఇంటికి కాపలా ఉన్నారు. పోలీసు బందోబస్తు దొరికింది. అన్నిటికంటే పెద్ద భారం మోసింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. వంటవాళ్లు మానేస్తే వంట చేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు రాకపోతే గోదావరికి వెళ్లి మోసుకొచ్చారు. ఇల్లు వదిలిపెట్టి వచ్చిన వితంతువులకు తన ఇంట్లో చోటిచ్చి తల్లిలా చూసుకున్నారు. బంధువుల ఒత్తిడికి లొంగలేదు. సంస్కరణ చరిత్ర రాసేటప్పుడు ఆమెకు ఒక పేరాతో సరిపెట్టడం న్యాయం కాదు. వెలికి జవాబు ఉపన్యాసంలో లేదు, ఆ వంటింట్లో ఉంది. కులం ఏవేవి తీసేసుకుందో వాటన్నిటినీ ఆమె తిరిగి సమకూర్చారు.

తర్వాతి ఏళ్లలో వీరేశలింగం మరికొన్ని పెళ్లిళ్లు చేశారు. ఆ దంపతులను గాలికి వదిలేయలేదు. ఇల్లు, ఉద్యోగం, పోషణ చూడాల్సి వచ్చింది. కొందరు డబ్బుకోసమే వస్తున్నారన్న నిందలూ పడ్డారు. తర్వాత హితకారిణి సమాజం పెట్టి ఆస్తి దానికి రాసిచ్చారు. పాత గుంపునుంచి బయటికొచ్చినవాళ్లకు నిలబడే చోటు కట్టడమే ఆయన సంస్కరణలో బరువైన భాగం. ఇది గుర్తించకుండా ‘ఆయన మూఢనమ్మకాల మీద పోరాడారు’ అని పాఠాల్లో ఒక వాక్యం రాసి ముగించేస్తున్నాం.

గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు కథ దీనికి తర్వాతి మెట్టు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి జంధ్యం తీసేశారు. నాస్తికత్వం కారణంగా అధ్యాపక ఉద్యోగాలు పోయాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ఏర్పాటు చేశారు. 1947లో అది విజయవాడకు మారింది. భార్య సరస్వతి ఆయనతో సమానంగా నిలిచారు. గర్భిణులు గ్రహణం చూడకూడదన్న భయాన్ని పోగొట్టడానికి ఆమె గర్భంతో ఉన్నప్పుడే గ్రహణం చూశారు. వాళ్ల కార్యక్రమాల్లో సహపంక్తి భోజనాలకు పెద్ద స్థానం ఉండేది. పక్కపక్కన కూర్చుని తినడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వెలి మొదలయ్యేది పంక్తి దగ్గరే కాబట్టి, దాన్ని విరగ్గొట్టాల్సింది కూడా అక్కడే. కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైనప్పుడు, దాన్ని సేవాగ్రామ్‌లోని తన ఆశ్రమంలో, తన సమక్షంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. పరమ ఆస్తికుడు ఒక నాస్తికుడి ఇంటి పెళ్లికి పెద్దగా నిలబడటానికి ఒప్పుకోవడం గమనించాల్సిన విషయం. నమ్మకాల్లో రాజీ లేకుండానే ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి నమ్మకం కుదిరింది.

గోరా కొడుకు లవణం, కోడలు హేమలత ఇదే పనిని స్టువర్టుపురం దాకా తీసుకెళ్లారు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు. బ్రిటిష్ పాలకులు చట్టం చేసి కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేశారు. అలా ముద్రపడ్డవాళ్లను ఉంచిన ఊరు స్టువర్టుపురం. ఆ చట్టం 1952లో రద్దైంది, ముద్ర మాత్రం పోలేదు. దొంగ అని ఊరంతా నమ్మినచోట, పని ఇచ్చేవాడు లేనిచోట, మారాలనుకున్న మనిషి మారి ఎక్కడికి వెళ్తాడు? చదువు, ఉపాధి, అధికారుల దగ్గర హామీ, ఇతర ఊళ్లవాళ్లతో రాకపోకలు అన్నీ కుదిరాకే ఆ ప్రయత్నానికి ఫలితం కనిపించింది.

పాత విధేయతను వదిలి కొత్తదాంట్లో చేరడం ప్రతిసారీ విముక్తి కాదు. కొత్త గుంపు కూడా తన వాటా అడుగుతుంది. తెలుగునేల మీద కమ్యూనిస్టు ఉద్యమం లక్షలమందికి కులానికి బయట ఒక కుటుంబాన్ని ఇచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివరి ‘రెడ్డి’ని వదిలేశారు. పురోహితుడు లేని దండల పెళ్లిళ్లు పల్లెల్లో మామూలయ్యాయి. పార్టీ ఆఫీసే పెళ్లి మండపం, కామ్రేడ్లే చుట్టాలు. తెలంగాణ సాయుధ పోరాటంలో సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు ఒకే నాయకత్వంలో కలిసి నడిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఒకరు సీపీఎంకు, మరొకరు సీపీఐకి ప్రధాన కార్యదర్శులయ్యారు. రష్యా, చైనాల మధ్య విభేదం, కాంగ్రెస్‌తో ఎలా వ్యవహరించాలన్న ప్రశ్న కృష్ణా, గుంటూరు, నల్గొండ పల్లెల్లో అన్నదమ్ముల మధ్య గోడ కట్టాయి. ఆ సిద్ధాంత చర్చను సాంతం చదివి పక్షం ఎంచుకున్న కార్యకర్తలు ఎంతమంది ఉంటారు? ఎక్కువమంది తమకు పార్టీని పరిచయం చేసిన నాయకుడు ఎటు వెళితే అటు వెళ్లారు. త్యాగాలకు వెనకాడని మనుషులు వాళ్లు. వాళ్ల నిజాయితీని శంకించాల్సిన పనిలేదు. నిజాయితీ ఉన్నా సరే, నమ్మకం చుట్టరికం వెనకే నడుస్తుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

విధేయతను శత్రువుగా చూడటం కూడా పొరపాటే. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీకి మొదటి రాత్రి తలదాచుకునే చోటు చూపించేది ఊరివాడే. భివండీ, షోలాపూర్, సూరత్ మరమగ్గాల దగ్గరికి తెలంగాణ పద్మశాలీలు తరలివెళ్లింది ఒకరి చేయి పట్టుకుని మరొకరు. బ్యాంకు అప్పు ఇవ్వనివాడికి మేనమామ ఇస్తాడు. ప్రభుత్వం చేయాల్సిన పని చేయనిచోట ఆ ఖాళీని కులమో, ఊరో, పార్టీయో నింపుతుంది. నింపినందుకు బదులు అడుగుతుంది. ఓటు అడుగుతుంది, మౌనం అడుగుతుంది, కూతురి పెళ్లి మీద మాట చెల్లుబాటు అడుగుతుంది. వైద్యానికీ, చదువుకూ, ముసలితనానికీ కులం పెద్దల మీద ఆధారపడే మనిషిని ‘స్వతంత్రంగా ఆలోచించు’ అనడం ఉచిత సలహా మాత్రమే.

ఇప్పటి రాజకీయాల్లో ఇది ఇంకో రూపం తీసుకుంది. హీరో మీద అభిమానం, కులం, పార్టీ ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి. ఒక హీరోను ఇష్టపడటంతో సరిపోదు, మరో హీరోను తిట్టాలి. బ్రిస్టల్ కుర్రాళ్ల పంపకమే ఇది. తమ ఊరికి రోడ్డు పడటం కంటే అవతలి పార్టీవాడికి రాకపోవడం సంతోషాన్నిచ్చే స్థితి పల్లె రాజకీయాల్లో కనిపిస్తూనే ఉంది. శాసనసభల్లో విధేయత చట్టమైంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేస్తే పదవి పోతుంది. మనస్సాక్షి ప్రకారం ఒక బిల్లును వ్యతిరేకించే సభ్యుడికి ఆ చట్టం వెంటనే భయం పుట్టిస్తుంది. గెలిచిన పార్టీని వదిలి అధికార పక్షంలో కూర్చునేవాడి మీద ఫిర్యాదులు మాత్రం నెలల తరబడి స్పీకర్ దగ్గర ఉండిపోతాయి. తెలంగాణ ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. విధేయతను బలవంతంగా రుద్దడం, నిజాయితీని కాపాడటం ఒకటి కావు.

ఇక వెలి సంగతి. అది వీరేశలింగం కాలంతో పోలేదు. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కుటుంబాలను, కొన్నిసార్లు కులాలకు కులాలను బహిష్కరించిన వార్తలు పదేపదే వస్తున్నాయి. వాళ్లకు సరుకులు అమ్మితే జరిమానా, పొలం పనికి వెళితే జరిమానా, మాట్లాడితే జరిమానా. 1991లో చుండూరులో దళితుల ఊచకోతకు ముందు నడిచింది కూడా సాంఘిక బహిష్కరణే. మాట్లాడటం మానేయడంతో మొదలైనది ఎక్కడిదాకా పోగలదో ఆ ఊరి చరిత్ర చెబుతుంది.

చట్టం దీన్ని పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలు అంత తేలిగ్గా సాగలేదు. బొంబాయి రాష్ట్రం 1949లో వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. ముస్లింలలో ఒక శాఖైన దావూదీ బోహ్రాల మతపెద్ద సయ్యద్నా దాన్ని సవాలు చేశారు. 1962లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా ఆ చట్టాన్ని కొట్టేసింది. సభ్యులను వెలివేసే అధికారం మతశాఖ తన వ్యవహారాలను తాను చూసుకునే హక్కులో భాగమని మెజారిటీ తీర్పు. ఒప్పుకోని ఒకే ఒక్కరు ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా. వెలి మనిషిని అంటరానివాడి స్థితికి నెట్టేస్తుంది కాబట్టి దాన్ని నిషేధించడం అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ స్ఫూర్తికి తగినదేనని ఆయన వాదన. అరవై ఏళ్ల తర్వాత చదివినా ఆ వాదన బలం తగ్గలేదు. రాజ్యాంగంలో 25వ అధికరణ వ్యక్తి మనస్సాక్షికి స్వేచ్ఛ ఇస్తుంది, 26వ అధికరణ మతశాఖకు తన వ్యవహారాల మీద హక్కు ఇస్తుంది. శాఖ చెప్పింది నమ్మని వ్యక్తిని శాఖ బతకనివ్వకపోతే ఏ హక్కు నిలుస్తుందన్న ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది.

ఈలోపు మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిరోధానికి చట్టం చేసింది. మూడేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా ఉన్నాయి. ఏ కులం, ఏ మతం అన్న పట్టింపు లేకుండా అది బాధితులందరికీ వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టంలో నేరమైంది. సొంత కులమే వెలివేసిన మనిషికి మాత్రం ఆ రక్షణ అందదు. తెలుగు శాసనసభ్యులు మహారాష్ట్ర చట్టాన్ని ఒకసారి శ్రద్ధగా చదవాలి. అయితే వెలిని కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. కాగితం మీద ఎవరూ రాయరు. ‘మా ఇష్టం, మాట్లాడాలనిపించలేదు’ అంటే పోలీసు ఏం కేసు రాస్తాడు? సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు వెలివేసిన ఊరివాళ్లే. వాళ్లలో ఒకరిద్దరు పెదవి విప్పితేనే కేసు నిలుస్తుంది. విప్పినవాడికి మర్నాటినుంచి సరుకులమ్మే కొట్టు, పని ఇచ్చే చేను, పిల్లల్ని చేర్చుకునే బడి ఎవరు చూపిస్తారన్నది చట్టంలో రాసి ఉండదు. ఆ ఏర్పాటు మండల స్థాయిలో అధికారులు, సంఘాలు కలిసి చేయగలిగిందే. రాజమహేంద్రవరంలో ఒక వర్తకుడు, కొందరు విద్యార్థులు, ఒక గృహిణి చట్టం వచ్చిన పాతికేళ్లకు చేసి చూపించింది కూడా అదే.